గోడకి తగలకుండా

థేయర్ దొరల పడవశాలని చూసి కొత్తవాళ్ళు చర్చి అనుకుని టోపీలు తీసేవాళ్ళు. తెరచాప స్తంభాలు దించకుండానే పడవలు లోపలికి రావాలని అంత ఎత్తున కట్టించారు. కింద సెయింట్ లారెన్స్ నది నీళ్ళలో దొరగారి పడవలు, పైన పనివాళ్ళ గదులు. నేను వంటమనిషిని. చాకలిపని చేసే మిసెస్ గ్రాడీదీ నాదీ ఒకే గది. ఎడమ గోడలో లోపలివైపుకి ఉన్న మా కిటికీ తెరిస్తే కింద పడవలే.

రూబెన్ వాటిలో పెద్దదైన మరిగోల్డ్‌కి కెప్టెన్. ఆ ఆదివారం చర్చి మెట్ల మీద, ఊరందరి ముందూ, "హనోరా, నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అనేశాడు. విడిగా అడగొచ్చుగా! నాకు ఒళ్ళు మండింది.

"మరిగోల్డ్‌ని గోడకి తగలకుండా లోపలికి తెచ్చిన రోజున చేసుకుంటాలే!"

అందరూ పగలబడి నవ్వారు. రూబెన్ ఎప్పుడొచ్చినా ఎడమ గోడకి రాసుకోకుండా రాడు మరి.

"రేపే తెస్తా," అన్నాడు మొండిగా.

గదికొచ్చి బావురుమన్నాను. నా నోరు పడిపోనూ! చేసుకోవాలనే ఉంది నాకు.

మర్నాడు పడమటి గాలి ఈడ్చి కొడుతోంది. ఒడ్డంతా జనం. మరిగోల్డ్ కూత వేస్తూ గుమ్మంలోకి ముక్కు దూర్చింది. బాగానే వస్తోంది. అమ్మయ్య అనుకునేలోపే గాలి వెనక నుంచి ఒక్క తోపు తోసింది. పడవ సరిగ్గా మా కిటికీ కిందికి, గోడ మీదికి జరుగుతోంది. రూబెన్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

నాకేం పూనిందో తెలీదు. చేతికందిన ఈకల పరుపు లాగి కిటికీలోంచి కిందికి తోసేశాను.

"ఓసి నీ దుంపతెగ! అది నా పరుపే!" అని మిసెస్ గ్రాడీ కెవ్వుమంది.

పరుపు పడవకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఫట్‌మని చిట్లింది. ఈకలు గుప్పున పైకి లేచి రూబెన్ టోపీని, మీసాల్ని కప్పేశాయి.

"తగిలింది, తగిలింది!" అని ఒడ్డున ఎవడో అరిచాడు.

"కళ్ళు పెట్టుకు చూడరా! గోడకి తగిలిందా, పరుపుకి తగిలిందా?" అని కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ గయ్‌మన్నాను.

రూబెన్ నోట్లో ఈకలు ఉమ్మేస్తూ తలెత్తాడు. "అంటే... హనోరా, అంటే..."

"అంటే ఏంటి! తాడు కట్టేసి పైకి రా!"

జనం టోపీలు గాల్లోకి ఎగరేశారు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలీలేదు. మిసెస్ గ్రాడీ మాత్రం నా భుజం పట్టి కుదిపింది.

"బాగానే ఉంది సంబడం. మరి నేనెక్కడ పడుకోనూ?"

"నా పరుపు తీసుకోండి. నేనెలాగూ వెళ్ళిపోతున్నాగా!"