బర్రెకు సబ్బునీళ్ళు

"ఎమ్మిగనూరుకు తిమ్మప్ప సార్ పోతాడంట కదా, ఇంక నీకేం పని? సాయంత్రం బజ్జీలెయ్యి, మావాళ్ళొస్తాండారు" అన్నాడు మొగుడు మంజునాథ్, పేపర్లోంచి తల ఎత్తకుండా. యశోద బియ్యం కడిగిన నీళ్ళు పక్కింటి బర్రె కుడితి బకెట్లో పోస్తోంది. ఆ బకెట్ ఎత్తి ఆయన పేపరు మీద కుమ్మరించాలనిపించింది. నీళ్ళు దండగని ఊరుకుంది.

ఆమె పెద్దకడుబూరు వైపు ఒక హైస్కూల్లో సైన్సు టీచరు. నీళ్ళు, నేల, చెత్త సంగతులు సైన్సులోనే కాక అన్ని సబ్జెక్టుల్లోనూ ఎలా చెప్పాలో ప్రతి బడీ ప్రణాళిక రాసుకోవాలని పైనుంచి కాగితం వచ్చింది. చేతిరాత బాగుంటుందని హెడ్మాస్టరు జయరాం గారు ఆ పని ఆమెకు అంటగట్టారు. కుక్కరు విజిళ్ళ మధ్య, అత్తగారి కేకల మధ్య రాసింది. సైన్సులో, వాడిన నీళ్ళు వేరువేరుగా పట్టి మళ్ళీ వాడుకోవడం. లెక్కల్లో, ఇంటికి రోజుకెన్ని బిందెలు, వాటిని మోసేదెవరు. సాంఘికంలో, పత్తిచేనుకు కొట్టిన మందు చివరికి ఎక్కడ తేలుతుంది. తెలుగులో, అవ్వలు విత్తనాలు దాచే కబుర్లు. రాస్తూ రాస్తూ ఎన్నాళ్ళకో తన బుర్ర తనకే ముద్దొచ్చింది. తీరా దాన్ని ఎమ్మిగనూరులో టీచర్ల శిక్షణలో చదవడానికి జయరాం గారు తోటి టీచరు తిమ్మప్ప సార్‌ని ఎంచారు. "నీకు ఇల్లుంటాది కదమ్మా" అన్నారు. తిమ్మప్ప సార్ చెట్టుకింద ఉంటాడు కాబోలు అనుకుంది. తను రాసింది ఒక్కసారి తన నోటితో చెప్పుకోవాలని ఆమె కోరిక. అది పైకి అనడానికి సిగ్గుపడింది, సిగ్గుపడినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

బజ్జీలు బండి మీద దొరుకుతాయని మొగుడికి చెప్పి ఎమ్మిగనూరు బస్సెక్కింది. హాల్లో వెనక వరసలో కూర్చుంది.

తిమ్మప్ప సార్ గొంతు ఖంగుమంది, చప్పట్లూ పడ్డాయి. అప్పుడు తుగ్గలి హెడ్మిస్ట్రెస్ మల్లేశ్వరి లేచి, "వాడిన నీళ్ళు వేరువేరుగా పట్టాలన్నారు, ఏ నీళ్ళు దేనికి?" అని అడిగింది. కాగితంలో ఆ వివరం లేదు. అందరికీ తెలిసిందేలే అని యశోద రాయలేదు. సార్ ఏమాత్రం తడుముకోలేదు.

"బట్టలుతికిన నీళ్ళు బర్రెకు. బియ్యం కడిగినవి బాత్రూముకు."

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. మల్లేశ్వరి మాత్రం నవ్వకుండా, "మీ బర్రె పాలియ్యదు సార్, నురగిస్తాది" అంది.

యశోద లేచింది. "అది రాసింది నేను. నేను సెప్తా."

ముందుకు నడిచి గంటసేపు చెప్పింది. ఏ నీళ్ళు దేనికో రాయకపోవడం తన తప్పేనంది. ఇంటిపని చేసేవాళ్ళకే అది తెలుస్తుందని అనుకోలేదంది. అందుకే అక్కడికక్కడే ప్రణాళికలో ఒక మాట చేర్చింది, మగపిల్లలు వారం పాటు ఇంట్లో అంట్లు తోమి, బియ్యం కడిగి, ఏ నీళ్ళు ఎటు పోయాయో రాసుకురావాలని. ఈసారి చప్పట్లు తిమ్మప్ప సారే మొదలుపెట్టాడు, పాపం, చెవులు ఎర్రబడి ఉన్నా.

టీ దగ్గర మల్లేశ్వరి ఆమె చెయ్యి పట్టుకుంది. తుగ్గలి, మద్దికెర బడులకు ప్రణాళికలు రాయించాలి, మూడు రోజులు రాగలవా అని. ఇంట్లో అడిగి చెప్తానన్న మాట, పద్దెనిమిదేళ్ళ అలవాటు కొద్దీ, నాలుక చివరిదాకా వచ్చింది. టీతోపాటు మింగేసి, వస్తానంది.

బస్టాండులో మంజునాథ్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"ఎవర్నడిగి ఒప్పుకున్యావు?"

"నన్నడిగినారు. నేను ఒప్పుకున్యా."