ఉప్పునీళ్లలో పాచిక

"తేలిందా?" అంటూ లాయరమ్మ గ్లాసు మీదికి వంగింది.

అది పేషెంట్లు పుక్కిలించే గ్లాసు. అందులో గుప్పెళ్లకొద్దీ ఉప్పు కలిపి ఇరవై ముఖాల పాచికను వేశారు. లోపల ఒక పక్క బరువు నింపి ఉంటే, వేలితో ఎన్నిసార్లు తిప్పినా ఒకే ముఖం పైకి వస్తుంది. అలా వస్తే పళ్ల డాక్టరుకు ఈ ఆదివారం ఆటతో రుణం తీరినట్టే. మళ్లీ ఎవరూ పిలవరు.

తలా ఒక వీరుడై, దెబ్బ తగిలిందో తప్పిందో పాచిక వేసి తేల్చుకునే ఈ కథల ఆట మొదలై పదకొండేళ్లు. అందరి వీరులూ రెండేసి సార్లు చచ్చారు, డాక్టరు యోధుడు తప్ప. అతన్ని దారికి తేవడానికి అరవై మూడు సొంత నిబంధనలు రాసుకున్నారు. పన్నెండో దాని ప్రకారం ఎడమచేత్తోనే పోరాడాలి. నలభయ్యో దాని ప్రకారం దాడికి ముందు గట్టిగా దగ్గాలి. ఇవాళ దగ్గుకుంటూ వెళ్లి డ్రాగన్ నోట్లో తలపెట్టి కూడా బతికాడు.

"శత్రువుల పాచిక ఉండేది నీ బీరువాలోనేగా?" అన్నాడు సర్వేయరు. "పళ్లకి సిమెంటు నింపే చేతికి పాచికలో సీసం నింపడమెంతసేపు?"

"పోనిద్దురూ, అరవై నాలుగోది రాసేద్దాం," అంది బల్ల మీద నిలబెట్టిన అట్టగోడ వెనక శత్రువుల పాచిక వేస్తూ ఆట నడిపే డాక్టరు అక్క.

లాయరమ్మ పాచికను పదిసార్లు తిప్పింది. ప్రతిసారీ వేరే ముఖమే.

"పాచిక మంచిదే," అంది నీరసంగా.

సర్వేయరు తన పుస్తకం తెరిచాడు. "ఇతని ప్రాణం మీదికొచ్చింది ముప్పై ఎనిమిది సార్లు. అన్నిసార్లూ శత్రువుకి ఒకటో, రెండో, మూడో పడి దెబ్బ తప్పింది. మంచి పాచికకి అలా పడుతుందా?"

"అయితే గ్లాసులో వేసేముందు మార్చేశాడు!" అంది లాయరమ్మ. "ఇక ఆటలోంచి దయచెయ్యండి డాక్టరు గారూ."

డాక్టరు అట్టగోడ వైపు చూశాడు. పడిన అంకెను చూసేది ఒక్కరే. పైకి చదివేదీ ఆ ఒక్కరే. మొదటి ఏడాది యోధుడి కాలు విరిగితేనే తను రెండు రోజులు క్లినిక్ తెరవలేదు. ఆ రెండు రోజులూ అన్నం తెచ్చి బతిమాలిందెవరు?

నోరు మూసుకుంటే తను దొంగ. తెరిస్తే, పదకొండేళ్ల మహావీరుడు కొంగు చాటు పిల్లాడు.

అలవాటుగా గట్టిగా దగ్గి, ఎడమచేత్తో అట్టగోడను పడగొట్టాడు.

"పాచిక కాదు, నేనూ కాదు," అన్నాడు. "మా అక్క."