దడికి అటుపక్క

2018 ఫిబ్రవరి పన్నెండు, సోమవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. నల్లగొండ పట్టణం అంచున వెలిసిన కొత్త కాలనీ మీద పల్చటి మంచు పరుచుకుని ఉంది, గాలి లేదు. గోవిందమ్మ ఇంటి పెరట్లో, నీళ్ళతొట్టి పక్కన చిన్న పీట మీద కూర్చుని, కాటమయ్య రాత్రంతా నానిన వాయిలి బరిగెలను, అంటే వావిలి చెట్టు సన్నకొమ్మలను, ఒక్కొక్కటిగా తీసి మోకాలి మీద వంచి చూస్తున్నాడు. చివరిదాకా వంగినదాన్ని కుడివైపుకు, చిటుక్కుమన్నదాన్ని ఎడమవైపుకు వేస్తున్నాడు. తడి బరిగెల నుంచి ఘాటైన ఆకువాసన లేస్తోంది.

అతనికి అరవై మూడేళ్ళు. మెడ ముందుకు వంగి, వంగినచోటే బిగుసుకుపోయింది. మర్రిగూడ దిక్కున ఉన్న అతని ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉంది. అది మొదట పళ్ళను పచ్చబరిచింది, తరువాత మోకాళ్ళను వంచింది, ఆ తరువాత వెన్నెముకలో చేరి పూసకు పూసను అతికించింది. పదేళ్ళుగా అతను తల ఎత్తలేదు. మనుషులను పాదాలను బట్టి, గొంతును బట్టి పోల్చుకుంటాడు. అవే నీళ్ళు తాగిన అతని భార్య బిక్షమ్మకు మోకాళ్ళు మాత్రమే వంకరపోయాయి; ఎందుకో ఏ డాక్టరూ చెప్పలేదు. నిలుచున్న బిక్షమ్మ ముఖాన్ని కాటమయ్య పదేళ్ళుగా చూడలేదు. ఆమె కూర్చుంటేనే అతనికి కనబడుతుంది.

పని కూడా ఆ మెడను బట్టే రెండుగా చీలింది. దడిలో పెద్ద గుంజకూ పెద్ద గుంజకూ మధ్య ఆరడుగుల జాగాను అంకణం అంటారు. అంకణంలో జానెడుకొకటిగా సన్నగుంజలు పాతి, వాటి మధ్య నుంచి బరిగెను ముందుకూ వెనక్కూ అల్లాలి. కింది సగాన్ని ఇద్దరూ కూర్చుని అల్లుతారు. కాటమయ్య లోపలి పక్క, బిక్షమ్మ వెలుపలి పక్క. అతను బరిగె కొసను సందులోంచి అటు తోస్తాడు. ఆమె అందుకుని, బిర్రుగా గుంజి, పక్క సందులోంచి ఇటు తోస్తుంది. అతను కొయ్యసుత్తితో కొట్టి కిందికి దించుతాడు. పై సగం బిక్షమ్మ ఒక్కతే నిలబడి అల్లుతుంది.

పెళ్ళయిన కొత్తలో రైతులు కూరగాయల మడులకూ మేకల కొట్టాలకూ వాళ్ళ చేత దడులు కట్టించుకునేవారు. తరువాత సిమెంటు కడీలు, ముళ్ళతీగ వచ్చాయి; ఇరవై ఏళ్ళు ఎవరూ పిలవలేదు. ఆ ఇరవై ఏళ్ళూ బిక్షమ్మ పత్తి ఏరి, నాట్లు వేసి ఇల్లు నడిపింది. తెలంగాణ వచ్చాక పట్టణంలో పెరడు ఉన్న ఇళ్ళవాళ్ళకు పచ్చటి మొక్కల వెనక అల్లిన దడి ఉంటే అందమని తోచింది. మూసిన గేట్ల వెనకకు వాళ్ళను మళ్ళీ పిలవసాగారు.

గోవిందమ్మ మాత్రం అందం కోసం పిలవలేదు. ఆమె బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కూతురు వర్షితకు ఇరవై ఆరేళ్ళు. హైదరాబాదులో ఆరు నెలలు క్యాన్సర్ మందు ఎక్కించుకుని, తల మీద వెంట్రుక లేకుండా, మంగళవారం ఇంటికి వస్తోంది. ఆ పిల్ల ఫోన్లో ఒక్కటే అడిగింది: తలకు గుడ్డ కట్టుకోకుండా ఎండలో కూర్చునే జాగా కావాలని. గోవిందమ్మ పెరటికి ఉత్తరపు హద్దున ఏడు అంకణాల దడి, అయిదడుగుల ఎత్తున చెప్పింది. నాలుగు అంకణాలు పూర్తయ్యాక, శుక్రవారం, కుర్చీ వేసుకుని కూర్చుని చూసింది. పెరటి వెనక ఇరుకు సందు అవతలి మేడ మీది కిటికీ దడి పైనుంచి కనబడుతోంది. అంటే కిటికీలోంచి కుర్చీ కనబడుతుంది. ఇంకొక్క అడుగు లేపగలరా అని అడిగింది. కాటమయ్య జవాబు చెప్పేలోపు బిక్షమ్మ లేపుతామంది.

ఆ అడుగు ఆమె తలకంటే ఎత్తు. ఖాళీ రంగుడబ్బాను బోర్లించి, దాని మీద నిలబడి, చేతులు నెత్తి మీదికి ఎత్తి అల్లాలి. శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆదివారం పొద్దుగూకేదాకా ఆమె అలాగే అల్లింది. శనివారం నాడే ఎడమచెయ్యి గుంజడం మొదలైంది. ఆ రాత్రి వాయిలాకు వెచ్చజేసి భుజానికి కట్టుకుంది. నొప్పి తగ్గలేదు. నొప్పికి కారణం కళ్ళముందే కనబడుతుండటం వల్ల ఇంకొక కారణం ఉండవచ్చునని ఎవరికీ తోచలేదు.

తొట్టి దగ్గరికి పాదాలు వచ్చాయి. కుడికాలి బొటనవేలికి గోరు లేదు, బిక్షమ్మ.

"ఎట్లుంది చెయ్యి?" అన్నాడు తల వంచుకునే.

"గట్లనే ఉంది. మంది తాటిచెట్లెక్కుతరు, నేను రంగుడబ్బా ఎక్కుతున్న. గా మాత్రానికే గుంజుతాంది."

"ఇయ్యాల ఆపుదామా?"

"ఆపితే రేపొచ్చే పిల్ల ఏడ కూసుంటది? రెండే ఉన్నయి, అయిపోనియ్యి. రేపు పొద్దుగాల పెద్ద దవాఖానకు పోదాం. నీ మెడ గూడ సూపిద్దాం. కొత్త మెడ పెడ్తరేమో అడుగుదాం."

"పెడితే ముందుగాల నీ మొకమే జూడాలె."

"అయితే అద్దులే. గీ ముసలి మొకం జూసి ఇడిశిపెట్టి పోతవు."

అతను నవ్వాడు. నవ్వితే పక్కటెముకలు నొస్తాయి కనుక చప్పుడు లేకుండా నవ్వడం ఎప్పుడో అలవాటైంది.

ఏడున్నరకు గోవిందమ్మ రెండు గ్లాసుల చాయ్ తెచ్చింది. బిక్షమ్మను చూసి ఆగిపోయింది.

"ముఖం అట్ల పీక్కపోయిందేంది బిక్షమ్మా?"

"నిద్ర లేదు టీచరమ్మా. భుజం సతాయిస్తాంది."

"పోనీ, మిగిలిన రెండిటికీ ఆ అడుగు వద్దులే. చెట్టేదైనా పెడతా."

"గదేందమ్మా. అయిదు ఎక్కువ, రెండు తక్కువ ఉంటే, వచ్చినోళ్ళు మా ఆయన మెడను జూసి కొలిచినమనుకుంటరు."

గోవిందమ్మకు నవ్వు వచ్చింది. లోపలికి వెళ్ళి నొప్పుల మందు తెచ్చి బిక్షమ్మ భుజానికి తనే రాసింది. ఆ తరువాత చాలాకాలం ఆమె ఆ నవ్వుకు తనను తాను క్షమించుకోలేకపోయింది.

పదింబావుకు ఆరో అంకణం పై అడుగు పూర్తయింది. బిక్షమ్మ డబ్బా మీది నుంచి దిగి, చెంబెడు నీళ్ళు తాగి, గేటు దాటి సందులోకి నడిచి, చివరి అంకణం వెలుపల నేల మీద కూర్చుంది. ఉత్తరపు హద్దు కనుక అటుపక్క నీడ. కాటమయ్య పీట జరుపుకుని లోపలి పక్క కూర్చున్నాడు. మొదటి బరిగె కొస సందులోంచి అవతలికి పోయింది. అవతల చెయ్యి దాన్ని బిర్రుగా గుంజింది.

పని మొదలైతే వాళ్ళు మాట్లాడుకోరు. మాట్లాడవలసింది బరిగె చెబుతుంది. గట్టిగా గుంజితే ఆమె బాగుంది. రెండుసార్లు చిన్నగా లాగితే నీళ్ళు కావాలి. అందుకోకుండా ఊరుకుంటే నడుం వాల్చింది. అప్పుడు అతను పిలవకూడదు. ఈ ఏర్పాటు ఎప్పటిదో ఇద్దరికీ గుర్తులేదు. బహుశా బిడ్డ పోయిన ఏడాదిది. నెల తిరగని బిడ్డను వాగు ఒడ్డున పెట్టి వచ్చిన మూడోనాడే దడి పనికి పోవలసి వచ్చినప్పుడు, ఆమె మధ్యమధ్య బరిగె వదిలేసి అవతల ఊరికే కూర్చునేది. అతను అడగలేదు. ఆమె చెప్పలేదు. మళ్ళీ గుంజేదాకా అతను ఒక్కడే అల్లుతూ ఉండేవాడు. నలభై ఏళ్ళలో అతను ఆమెకు ఇవ్వగలిగింది చాలా తక్కువ. అందులో ఇది ఒకటని అతనికి తెలుసు.

దడి రెండడుగులు లేచింది. ఇంకో నాలుగు వేళ్ళు లేచింది. పదకొండున్నర ప్రాంతంలో కాటమయ్య తోసిన బరిగె అటువైపు ఆగిపోయింది.

అతను కాసేపు పట్టుకుని చూశాడు. కదల్లేదు. రెండు రాత్రులుగా ఆమె కన్ను మూయలేదు.

"పండుకో," అన్నాడు మెల్లగా. "నేను జేస్త."

ఆ బరిగెను తనే వెనక్కు లాగి, వేళ్ళు సందులో దూర్చి కొసను తిప్పి, పక్క సందులోంచి ఇటు తెచ్చుకున్నాడు. ఒక్క చేతితో బిర్రు రాదు. వరస వదులుగా ఉందని తెలుసు. లేచాక ఆమె సరిచేస్తుందనుకున్నాడు. ఆమె నిద్ర చెడుతుందని సుత్తి పక్కన పెట్టి, అరచేత్తో అదిమాడు. అలా ఒక వరస, రెండో వరస. అల్లిన దడికి పైన గుంజల మధ్య ఖాళీ ఉంది. తల ఎత్తగలిగిన మనిషి కూర్చున్నచోటి నుంచే ఆ ఖాళీలోంచి అవతలికి చూడగలడు.

నాలుగో వరస చివర పైనుంచి ఒక గొంతు వినబడింది.

ఆ మేడ మీది ఇంట్లో స్నేహలత అనే అమ్మాయి కిరాయికి ఉంటోంది. తన కిటికీ వల్లనే దడి ఎత్తు పెంచుతున్నారని శుక్రవారం నాడే ఆమెకు తెలిసింది. చిన్నతనమనిపించి మూడు రోజులు కిటికీ తెరవలేదు. ఆ రోజు బయటి తీగ మీద ఆరేసిన బట్టల కోసం తెరిచింది.

"తాతా. ఓ తాతా. అవ్వ గుంజకు ఒరిగింది."

ఎవరో, ఎక్కడినుంచో కాటమయ్యకు తెలియలేదు.

"పండుకున్నది బిడ్డా. లేపకు."

ఆమె కిటికీలోంచి ఇంకా ముందుకు వంగి చూసింది.

"కాదు తాతా. కండ్లు తెరిచే ఉన్నయి."

అతను లేచాడు. చివరి అంకణం అప్పటికి అతని తొడలెత్తు ఉంది. ఆ కాళ్ళు దాన్ని దాటలేవు. అవతలికి పోవాలంటే గేటు ఒక్కటే దారి, అది దడి ఆ కొసన ఉంది. ఏడు అంకణాలు, నలభై రెండు అడుగులు. తామిద్దరూ తొమ్మిది రోజులు అల్లిన దడిని చేత్తో పట్టుకుంటూ ఆ కొసదాకా నడిచి, గేటు దాటి, అంత దూరమూ మళ్ళీ వెలుపలి నుంచి నడిచాడు. అతను చేరేసరికి స్నేహలత మేడ దిగి వచ్చి ఆమె పక్కన మోకరించి ఉంది. గోవిందమ్మ కొంగు నోటికి అడ్డంపెట్టుకుని నిలబడింది.

బిక్షమ్మ కూర్చునే ఉంది కనుక అతనికి ఆమె ముఖం కనబడింది. ఎదురుగా కూలబడి, చాలాసేపు చూశాడు. ఎడమచేతిని తీసి తన ఒళ్ళో పెట్టుకుని, భుజం నుంచి మణికట్టుదాకా మెల్లగా పిసకసాగాడు.

"గుంజుతాందని అన్నది టీచరమ్మా," అన్నాడు. "పొద్దుగాల గూడ అన్నది."

వచ్చిన డాక్టరు గుండె ఆగి ముప్పావుగంట అయి ఉంటుందన్నాడు. చెయ్యి గుంజడం రెండు రోజుల కిందట మొదలైందని విని, అదే గుండెనొప్పి అన్నాడు. చేతులు నెత్తి మీదికి ఎత్తి చేసిన పని దాన్ని పెంచిందా, అది ఎలాగూ వచ్చేదేనా అని గోవిందమ్మ అడిగింది. చెప్పలేమన్నాడు. ఆ ముప్పావుగంటలో పిలిచి ఉంటే ఏమయ్యేదని కాటమయ్య అడగలేదు. అడగకపోవడం చూసి, అతనికి ఆ లెక్క తెలుసునని గోవిందమ్మ అర్థం చేసుకుంది.

మరునాడు వర్షిత వచ్చింది. పదిహేను రోజులు పెరట్లోకి అడుగుపెట్టలేదు. ఆ తరువాత తలకు గుడ్డ లేకుండానే వచ్చి, కుర్చీని చివరి అంకణం ఎదుటికి లాక్కుని, సందులో పోయేవాళ్ళందరికీ కనబడేలా కూర్చుంది. మిగిలిన దడిని ఇంకెవరిచేతనైనా పూర్తిచేయిద్దామన్న మాట ఆ ఇంట్లో రాలేదు.

కాటమయ్య మళ్ళీ బరిగె పట్టలేదు. మూడేళ్ళు బతికి, 2021 వానాకాలంలో పోయాడు.

2023 మార్చిలో గోవిందమ్మ ప్రహరీ గోడ కట్టించదలచి దడి తీయించింది. వాయిలి అప్పటికి ఎండి నల్లబడింది. వచ్చిన కూలీలు ఇద్దరు చేతులతో గుంజి చూశారు, గడ్డపారతో పెకలించబోయారు, అల్లిక ఊడలేదు. అంకణం అంకణాన్నీ రంపంతో కోయవలసి వచ్చింది. చివరి అంకణంలో పైన ఉన్న నాలుగు వరసలు మాత్రం ఒక మనిషి ఒంటిచేత్తో లాగగానే వచ్చేశాయి.