లోపలినుంచి తెరుచుకోని తలుపు

కార్ఖానాలో అందరూ ఆమెను ఎదుట మేడమ్ అనీ, వెనకాల తలుపులమ్మ అనీ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, కోపమేమీ లేదు. కరెంటును నిలవచేసే పెద్ద బ్యాటరీల కోసం లారీకెక్కేంత ఇనప గదులు తయారుచేస్తారక్కడ. వాటికి తలుపులు గీయడం ఆమె పని. బయట ఎండ మండినా మంచు కురిసినా లోపలి బ్యాటరీకి తెలియకూడదు. అందుకని రెండు రేకుల మధ్య నాలుగు వేళ్ళ మందాన రాతి ఉన్ని కూరి, అంచు చుట్టూ మెత్తని రబ్బరు పట్టీ తొడిగి, ఎనిమిది నెలలు కిందామీదా పడి ఆ తలుపును ఒక కొలిక్కి తెచ్చింది. వేడి పరీక్షలో తలుపు నెగ్గింది. పన్నెండు గదులు సిద్ధమయ్యాయి. మధ్యాహ్నం రెండింటికి లారీలు వస్తాయి.

ఆ పొద్దున ఇంట్లో పిన్ని వంటింటి లోపలినుంచి తలుపు తోసీ తోసీ విసుక్కుంది. "ఒసేయ్, అవతల నువ్వేమన్నా పట్టుకున్నావా?"

"నాకేం పని లేదా పిన్నీ?"

"మరి రాదేం? పొగ లాగే ఫ్యాను వేస్తే చాలు, మొండికేస్తుంది. ఆపితే మంచి పిల్లలా వచ్చేస్తుంది. రోజూ ఇదే వరస."

ఆమె నవ్వి బస్సెక్కింది. రెండు స్టాపులు దాటేసరికి ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది. ఫ్యాను లోపలి గాలిని లాగేస్తే బయటి గాలి తలుపును అదిమిపెడుతుంది. బ్యాటరీ వేడెక్కి గ్యాసు వదిలితే, దాన్ని బయటికి లాగే ఫ్యాను తనంతట తానే పూర్తి వేగంతో తిరుగుతుంది. ఆ వేళకు లోపల మనిషి ఉంటే తలుపు తోసుకుని బయటపడాలి. అలా ఫ్యాను తిరుగుతుండగా ఎవరైనా తోసి చూశారా? బస్సులో కూర్చోలేక లేచి నిలబడింది. నిలబడలేక మళ్ళీ కూర్చుంది. దిగాల్సిన చోటికి ఒక స్టాపు ముందే దిగి నడిచింది.

పెద్ద ఫిట్టరు గదుల దగ్గరే ఉన్నాడు. ఆయన్ను బాబాయ్ అని పిలుస్తుందామె.

"బాబాయ్, తలుపు తోసి చూసిన రోజు ఫ్యాను తిరుగుతోందా?"

"అప్పటికి దానికి వైరే వేయలేదమ్మా. అయినా ఒక్క తోపుకే వచ్చిందిగా."

ఆయన ఛాతీ బీరువా అంత ఉంటుంది. 

"ఇప్పుడు ఫ్యాను వేయి. నేను లోపలికెళ్తా."

"నువ్వెందుకు, నేనెళ్తాను."

"నువ్వు తోస్తే గోడైనా వచ్చేస్తుంది బాబాయ్. నేనే వెళ్ళాలి."

తలుపు మూసుకుంది. ఫ్యాను హోరెత్తింది. ఆమె పిడి నొక్కింది. గడియ టక్కున విడింది కానీ తలుపు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. రెండు చేతులతో తోసింది. వెనక్కి తిరిగి వీపు ఆనించి తోసింది. నున్నటి నేల మీద చెప్పులు జారిపోయాయి. "బాబాయ్! ఫ్యాను ఆపు!" అని అరిచింది, పిడికిళ్ళతో బాదింది. రాతి ఉన్ని వేడితోపాటు ఆ అరుపులనూ మింగేసింది. బయట బాబాయ్ ఆమె కొలతలేవో తీసుకుంటోందనుకున్నాడు. ఇంతలో మేనేజరు లారీల గురించి పిలిస్తే అటు వెళ్ళాడు.

ఎంతసేపైందో ఆమెకు తెలియలేదు. చెమట కళ్ళలోకి కారింది. జేబులో స్టీలు స్కేలు చేతికి తగిలింది. దాని అంచును రబ్బరు పట్టీ కిందికి దూర్చి ఒక మూల పెకలించింది. గాలి ఈల వేసుకుంటూ లోపలికి దూసుకొచ్చింది. పట్టీ ఇంకో జానెడు లేచాక భుజం వేసి నాలుగుసార్లు తోసింది. నాలుగోసారికి తలుపు ఒక్కసారిగా తెరుచుకుని, ఆమె బయటి సిమెంటు నేల మీద మోకాళ్ళ మీద పడింది.

మేనేజరు, బాబాయ్ పరుగెత్తుకొచ్చారు. బాబాయ్ గది చుట్టూ తిరిగి చూసి నెత్తి కొట్టుకున్నాడు. రంగు పడకుండా గాలి వచ్చే జాలీకి చుట్టిన ప్లాస్టిక్ అలాగే ఉంది.

"అదన్నమాట!" మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. "ప్లాస్టిక్ తీసేస్తే సరి. లారీలు దారిలో ఉన్నాయి."

"రేపు బయట పెట్టాక జాలీకి దుమ్ము పట్టదా సార్? ఆర్నెల్లు పోతే ఆ దుమ్మే ప్లాస్టిక్."

"నెలనెలా దులపమని పుస్తకంలో రాశాంగా."

"పుస్తకం వచ్చి తలుపు తీయదు సార్. మీరొక్కసారి లోపలికెళ్ళి రండి."

ఆయన రోషంగా వెళ్ళాడు. రెండు నిమిషాలు చూసి బాబాయే ఫ్యాను ఆపాడు. మేనేజరు కందగడ్డలాంటి ముఖంతో బయటికొచ్చాడు. చేతిరుమాలు తీసి మెడంతా తుడుచుకున్నాడు.

"ఎన్నాళ్ళు?" అన్నాడు చివరికి.

"పదిరోజులు."

లారీలు ఖాళీగా వెనుదిరిగాయి. పదిరోజులూ ఆమె సరిగా తినలేదు, ఒకచోట నిలవలేదు. పిడి నొక్కగానే ముందు ఒక మూల పట్టీ విడి గాలి చొరబడాలి, ఆ తర్వాతే తలుపు కదలాలి. అలా గీసి, చెరిపి, మళ్ళీ గీసింది. పదకొండో రోజు జాలీకి ప్లాస్టిక్ చుట్టి, ఫ్యాను వేసి, ఆఫీసు ఊడ్చే అవ్వను లోపలికి పంపారు. అవ్వ చీపురు చేతిలో ఉండగానే మోచేత్తో తోసుకుని వచ్చేసింది.

"ఇంతమంది నన్నే చూస్తారేం? లోపల దుమ్మేం లేదు," అంది.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. కిందటి నెల పాత పిడి ఉన్న తలుపులతో ఆరు గదులు వెళ్ళాయి.

"ఒక్క ఫిర్యాదైనా వచ్చిందా? కందకు లేని దురద నీకెందుకు?" అన్నాడు మేనేజరు. ఫిర్యాదు రాకపోవడమే ఆమెను తొలిచేస్తోంది. ఆ ఆరు గదులు పెట్టిన చోటికి ఫోను చేస్తే అక్కడి ఆపరేటరమ్మ ఎత్తింది.

"ఆ తలుపా మేడమ్? ఇక్కడి దుమ్ముకు జాలీ వారానికే పూడిపోతుంది, ఫ్యాను తిరిగితే తలుపు రాదండి. అందుకే లోపలికెళ్ళేటప్పుడు ఇటుక అడ్డం పెట్టుకుంటాం."

ఎనిమిది నెలలు కష్టపడి కూరిన రాతి ఉన్ని వృథా, ఇటుక పెట్టిన సందులోంచి ఎండంతా లోపలికే అనుకుందామె. "మాకు చెప్పలేదేమ్మా?"

"తలుపులు అలాగే ఉంటాయేమో అనుకున్నామండి."

"ఇటుక పెట్టడం మర్చిపోతే?"

"బయట ఒకరు ఉంటారు లెండి. మొన్నొకరోజు మాత్రం ఆయన నీళ్ళకెళ్ళాడు..." ఆపరేటరమ్మ చిన్నగా నవ్వి ఆపేసింది.

 ఇటుక లేకుండా, బయట మనిషి లేకుండా ఎవరూ లోపలికి వెళ్ళొద్దని గట్టిగా చెప్పి, ఆరు కొత్త పిడులు గోనెసంచిలో వేసుకుని ఆమె వ్యాను ఎక్కింది. బాబాయ్ నడిపాడు.

"ఇంకాస్త వేగంగా పోలేవా బాబాయ్?"

"పోతున్నా కదమ్మా. బండికి రెక్కలు మొలిపించమంటావా?"

మర్నాడు సాయంత్రానికి ఆరు తలుపులకూ పిడులు మార్చారు. ఆపరేటరమ్మ ఒక్కో గదిలోకీ వెళ్ళి తేలిగ్గా బయటికొచ్చింది. అయినా ఇటుకలు తీసేయనివ్వలేదు. "ఉండనీండి మేడమ్, అలవాటైపోయింది," అంది.

 బాబాయ్ వ్యాను స్టార్టు చేసి పిలుస్తున్నాడు. "ఒక్క నిమిషం," అని ఆమె ఆపరేటరమ్మను ఫ్యాను వేయమని, తానే తోసి చూడడానికి మళ్ళీ మొదటి గదిలోకి వెళ్ళింది.