ఎనిడ్ చెప్పే ఆట

క్లిఫర్డ్‌కి చూపు లేదు. మా ఊరి జట్టు ఫుట్‌బాల్ ఆడుతుంటే, పక్క సీటులో కూర్చునే ఎనిడ్ ఇరవై రెండేళ్లుగా అతనికి ఆటంతా చెబుతోంది. వాళ్ల వెనక వరుస నాది.

జట్టు యజమాని పోయాక, దాన్ని కొనబోయే కంపెనీవాళ్లు చర్చి హాల్లో మీటింగు పెట్టి, తెర మీద కొత్త స్టేడియం బొమ్మలు వేశారు. అది నలభై మైళ్ల అవతల, వేరే ఊళ్లో; కొన్నాక జట్టు ఆడేది అక్కడేనట. హాలంతా గగ్గోలు పెట్టింది.

"ఏం చూపిస్తున్నారు?" అన్నాడు క్లిఫర్డ్.

"అద్దాల మేడలా ఉందయ్యా. దాని ముందు మనది కోళ్లగూడే."

"నువ్వొస్తావా అక్కడికి?"

ఏడు గోల్స్ తేడాతో ఓడిన రోజు కూడా ఎనిడ్ అతనికి అబద్ధం చెప్పలేదు. "ఈ మోకాళ్లతో రెండు బస్సులు మారలేను," అంది.

"అయితే నాకూ ఆట ఇక్కడితో సరి."

అమ్మకం ఇంకా తేలలేదు. శనివారం ఆటకి ఇద్దరూ గంట ముందే వచ్చారు. ఆటగాళ్లెవరూ రాకముందే ఎనిడ్ మొదలుపెట్టింది. గీతలకు సున్నం వేస్తున్నారనీ, గోలు వెనక గడ్డి ఎండిపోయిందనీ, రేకుల మీద పావురాలు కూర్చున్నాయనీ చెప్పుకుంటూ పోయింది.

"ఇవన్నీ ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అన్నాడు క్లిఫర్డ్.

"ఎప్పుడూ ఉండేవేలే అనుకున్నానయ్యా," అంది ఎనిడ్.