నాలుగు నిమిషాల పాట

జొన్నరొట్టెను పెనం మీద వేసి తడిచేత్తో నీళ్ళు పూస్తుండగానే ముందరి గదిలోంచి కేక వినిపించింది.

"వదినా, జర జల్ది రా! ఆపాలె!"

మనోరమ రొట్టెను అలాగే వదిలేసి, పిండిచేతిని కొంగుకు తుడుచుకుంటూ పరుగెత్తింది. టీవీ ముందు ఆడబిడ్డ ప్రభావతి ఒంటికాలి మీద నిలబడి, కుడిచేయి పైకెత్తి, ఊపిరి బిగబట్టి ఉంది. తెర మీద బొంబాయి పాప్ గాయని నీలోఫర్ కూడా అలాగే చేయెత్తి మెట్లు దిగుతోంది. మనోరమ వీసీఆర్ మీట నొక్కింది. నీలోఫర్ మెట్టుకూ మెట్టుకూ మధ్య ఆగిపోయింది. తెర నిండా గీతలు వణికాయి.

"కొంచెం ఎన్కకు తిప్పు. ఇంకొంచెం. బస్, బస్!" ప్రభావతి నోట్‌బుక్కు ముందేసుకుని ఆ భంగిమను గబగబా గీసుకుంది. చేతి బొమ్మ, మెడ బొమ్మ, పక్కన అంకెలు. "ఇగ నడిపియ్యి."

వంటింట్లోంచి మాడువాసన వచ్చింది. దాని వెనకే అత్తగారు నాగమ్మ గొంతు. "పొయ్యి మీద రొట్టె పెట్టి టీవీ సూస్తున్నవా? అది సదువుకునే పిల్ల, సూస్తే సూస్తది. నీకేం పని ఆడ?"

ప్రభావతి ఆ మాట విననే లేదు. "వదినా, ఇంకొక్కసారి" అంది.

అప్పటికి ఇరవై రోజులుగా ఇదే వరస. అది ఎనభై ఆరో సంవత్సరం. జహీరాబాద్ బజారులో బట్టల దుకాణం నడిపే మాణిక్, దుబాయ్ నుంచి వచ్చిన స్నేహితుడి దగ్గర వీసీఆర్ కొని ఇంటికి తెచ్చాడు. దాంతోపాటు వచ్చిన క్యాసెట్లలో ఒకదాని చివర నీలోఫర్ పాట ఉంది. నాలుగు నిమిషాల పాట. అద్దాల గోడ, తెల్లటి మెట్లు, పొగ, వెండిరంగు గౌను. మాణిక్ చెల్లెలు ప్రభావతి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది. ఆ పాట చూసిన రోజు నుంచి ఆ పిల్లకు తిండి మీద ధ్యాస లేదు. ఆ నాలుగు నిమిషాలనూ ఒక్క వేలు కదలిక కూడా తప్పకుండా తాను చేయాలి, దాన్ని ఫోటో స్టూడియో పీటర్ కొత్తగా తెచ్చిన పెళ్ళిళ్ళ వీడియో కెమెరాతో తీయించాలి. "ఒక్కసారి టీవీల నన్ను నేను చూసుకోవాలె వదినా. అంతే. ఇంకేం వద్దు" అని మనోరమ చెవిలో చెప్పింది. పీటర్ సంగతి అన్నకు తెలియదు. డాన్సు సంగతి తెలుసు. "చిన్నపిల్ల, ఎగురనీ" అని నవ్వి, బొమ్మలు గీసుకోవడానికి రెండు వందల పేజీల నోట్‌బుక్కు కూడా తెచ్చిచ్చాడు.

ఆ నోట్‌బుక్కు చూసినప్పుడే మనోరమకు మొదటిసారి కడుపులో మండింది.

చిన్నపిల్లంటే పద్దెనిమిదేళ్ళు. మనోరమ ఈ ఇంటికి కోడలిగా వచ్చిన వయసు. రాయికోడ్‌లో పదో తరగతి ఫస్టు క్లాసులో పాసై, సంగారెడ్డి హాస్టల్లో ఉండి ఇంటర్ సగం చదివి, ఆ సగంతోనే తాళి కట్టించుకుంది. పరీక్ష రాస్తానని అడిగితే మాణిక్ కోప్పడలేదు కూడా. "రాసి ఏం జేస్తవ్? దుకాణంల కూసుంటవా?" అని నవ్వాడు, అంతే. నాగమ్మ మాత్రం కొడుకుకు వినబడేలా "సదువుకున్న కోడలంటే గిట్లనే ఉంటది. పొద్దుగాల లేసి వాకిలి ఊడ్వాలంటే పుస్తకం అడ్డమొస్తది" అంది. ఆ తర్వాత మనోరమ ఏదీ అడగలేదు. నాలుగేళ్ళుగా రోజుకు ఇరవై రొట్టెలు, మూడు పూటల అంట్లు, దుకాణం నుంచి వచ్చే చీరలకు ఫాల్స్, మామగారి తద్దినాలు, అత్తగారి కాళ్ళకు నూనె. ఇదేం పెద్ద కష్టమని ఎవరైనా అడగవచ్చు. అందరూ చేసేదే. కానీ ఒక మనిషి మధ్యాహ్నం పూట, పట్టపగలు, నడింట్లో నిలబడి ఒక మునివేలు ఎటు తిరగాలో గంటసేపు ఆలోచించవచ్చునని ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు. ప్రభావతి అందం మీద గాని, చదువు మీద గాని ఆమెకు కుళ్ళు లేదు. ఆ గంట మీద. ఏదైనా కావాలని అంత గట్టిగా కోరుకుని, ఆ కోరికను అంత గట్టిగా అరిచి చెప్పగలిగే ఆ గొంతు మీద.

వెండి గౌను కుట్టింది మనోరమే. దుకాణంలో మిగిలిన తళుకు గుడ్డ ముక్కలు ఏరి తెచ్చి అతికింది. ఒక్కొక్క చమ్కీ సూదితో కుట్టింది. మెడ దగ్గర నాలుగు వరసలు రావాలని ప్రభావతి పట్టుబడితే, కుట్టిన మూడు వరసలూ విప్పి మళ్ళీ కుట్టింది. వేళ్ళ చివర్లు జల్లెడలయ్యాయి. చింతపులుసు పిసికినప్పుడల్లా చురుక్కుమనేది.

గౌను పూర్తయిన రోజు ఇంట్లో ఎవరూ లేరు. నాగమ్మ పక్కింటికి పోయింది, ప్రభావతి కాలేజీలో ఉంది. బిగువు చూద్దామనుకుంటూ మనోరమ దాన్ని తొడుక్కుంది. బీరువా అద్దం ముందు నిలబడింది. చేయి దానంతటదే లేచింది. మీట నొక్కీ నొక్కీ ఆ నాలుగు నిమిషాలూ ఆమె ఒంట్లోకి ఎప్పుడో వచ్చేశాయి. ఎక్కడ మెడ వాలాలో, ఎక్కడ నడుము ఆగాలో ప్రభావతి పుస్తకంలో చూసుకోవాలి. మనోరమకు పుస్తకం అక్కర్లేదు. మూడో మెట్టు మీద ఒక తిరుగుడు ఉంది. మడమ మీద ఒంటిని వదిలేసి, చివరి క్షణంలో భుజంతో పట్టుకోవాలి. పది రోజుల నుంచీ ప్రభావతికి రానిది అదే. మనోరమ కళ్ళు మూసుకుని తిరిగింది. వచ్చింది. మళ్ళీ తిరిగింది. మళ్ళీ వచ్చింది.

కళ్ళు తెరిచేసరికి అద్దంలో తన వెనక ప్రభావతి కనిపించింది. పుస్తకాలు చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"వదినా! ఎట్ల జేసినవ్? మళ్ళ జేయి!"

మనోరమ ముఖమంతా వేడెక్కింది. ఆ పిల్ల ఇంకో మాట అంటుందేమోనని ఎదురు చూసింది. ఏ మాటో ఆమెకే తెలియదు. ప్రభావతి మాత్రం నోట్‌బుక్కు తీసి "భుజంతోని పట్టాలె, గంతేనా?" అని రాసుకుని, "గౌను జర ఇప్పు వదినా, చెమట పడ్తది" అంది.

సాయంత్రం ప్రభావతి స్నేహితురాలు బాలమణి వచ్చింది. మనోరమ చాయ్ తీసుకుపోయేసరికి ప్రభావతి ఆ తిరుగుడు చేసి చూపిస్తోంది. "ఎట్ల వచ్చిందే నీకు?" అని బాలమణి నోరు తెరిచింది. "నేనే కనిపెట్టిన. భుజంల ఉంది మొత్తం" అంది ప్రభావతి. చాయ్ కప్పు అందుకుంటూ వదిన ముఖం వైపు చూడను కూడా లేదు. అబద్ధం చెప్తున్నానని దాచుకోవడానికి కాదు. అది వదినదని నిజంగానే గుర్తు లేదు. ఇంట్లో నీళ్ళ బిందె ఎవరు నింపారో ఎవరికి గుర్తుంటుంది?

మర్నాడు మధ్యాహ్నం మాణిక్ భోజనానికి వచ్చాడు. మనోరమ పప్పు వడ్డించింది. రొట్టె వేసింది. గరిటె గిన్నెలో పెడుతూ, నేల వైపు చూస్తూ, మామూలు గొంతుతో అంది.

"పీటర్ కెమెరా పట్టుకొని వస్తడంట. ప్రభ డాన్సు తీస్తడంట. ఆ క్యాసెట్ రేపు ఎవరింట్ల ఆడ్తదో ఏమో."

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఏమవుతుందో తెలిసే అంది. మాణిక్ చేతిలోని ముద్ద అలాగే ఆగింది.

ఆ తర్వాత జరిగిందంతా పావుగంట కూడా పట్టలేదు. మాణిక్ వీసీఆర్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాడు. నోట్‌బుక్కును నిలువునా చింపాడు. "కెమెరా ముంగట ఎగురుతవా? రేపు నిన్నెవడు చేసుకుంటడు?" అని అరిచాడు. పరీక్షలు రాయనిస్తాను గానీ రోజూ కాలేజీకి పోయేది లేదన్నాడు. బీదర్ సంబంధం వాళ్ళకు వెంటనే కబురు పెట్టమని తల్లికి చెప్పాడు. ప్రభావతి చిరిగిన కాగితాల మధ్య కూర్చుని ఒక్కొక్కటీ ఏరుకుంది.

నాగమ్మ వంటింట్లోకి వచ్చి, కోడలి భుజం మీద చేయి వేసింది. "మంచి పని జేసినవ్ బిడ్డా. నువ్వు చెప్పకుంటే ఇంటి ఇజ్జత్ పోతుండె." మాణిక్ కూడా చేయి కడుక్కుంటూ, "నీకున్న తెలివి దానికి లేదు" అన్నాడు.

బిడ్డా అన్న పిలుపు నాలుగేళ్ళలో అదే మొదటిసారి. తెలివి అన్న మాటా అదే మొదటిసారి. మనోరమకు ఆ రెండూ వినగానే లోపల చల్లగా హాయిగా అనిపించింది. నిజంగానే అనిపించింది. ఆ హాయికే ఆమె జడుసుకుంది. ఇన్నేళ్ళు రొట్టెలు కాల్చి, గిన్నెలు తోమి, నూనె రాసి సంపాదించుకోలేనిది ఒక్క మాటతో దొరికింది. ఈ ఇంట్లో మెప్పు దొరికే చోటు ఇదన్నమాట. ఇంకో ఆడపిల్ల తలుపు మూస్తే దొరుకుతుంది. అత్తమ్మకు కూడా ఒకప్పుడు ఇలాగే దొరికి ఉంటుందా?

ప్రభావతి రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు వచ్చి వదిన ఒళ్ళో తలపెట్టింది. "అన్నకు ఎవలు చెప్పిన్రో వదినా. బాలమణే చెప్పిందేమో. దాని మొకం సూడను ఇగ." మనోరమ ఆ జుట్టు నిమురుతూ కూర్చుంది. ఆ పిల్ల ఏడుపు చూసినా కడుపులోని మంట పూర్తిగా ఆరలేదు. పరీక్ష పోయిన నాడు తాను ఏడవడానికి ఈ ఇంట్లో ఒక ఒడి లేదు. దీని ఏడుపుకు నా ఒడి కూడా దొరికింది, అనుకుంది. అనుకున్నాక తన మీద తనకే రోత పుట్టింది.

"బాలమణి కాదు ప్రభా" అంది. "నేనే చెప్పిన."

ప్రభావతి తల ఎత్తింది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి గోడకు అంటుకుపోయింది.

"ఎందుకు వదినా?"

"కుళ్ళుతోని. ఇంకేం లేదు."

"నేనేం జేసిన నీకు?"

"ఏం జెయ్యలేదు. ఆ తిరుగుడు నాది అని ఒక్క మాట అనలేదు, గంతే."

ప్రభావతి "గంత చిన్న దానికా?" అంది. తన గదిలోకి వెళ్ళిపోయింది.

గురువారం నాడు మాణిక్ సరుకు కోసం హైదరాబాద్ పోయాడు. నాగమ్మ పొద్దున్నే ఝరాసంగం గుడికి బయలుదేరింది. ఇద్దరూ పోగానే మనోరమ చెప్పులు వేసుకుంది. పెళ్ళయ్యాక ఆమె ఒక్కతే బజారుకు నడవడం అదే మొదలు. బొంబాయి రోడ్డు మీద లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. మొగుడి దుకాణం చుట్టుపక్కలవాళ్ళు తల తిప్పి చూశారు. కొంగు తల మీద వేసుకోబోయి, చేయి దించేసింది.

పీటర్ ఆమెను చూసి కుర్చీలోంచి లేచాడు. "అమ్మా, సేట్ సాబ్‌కు తెలుసా? మొన్ననే వచ్చి కోపం జేసి పోయిన్రు."

"తెల్వదు. పిలిచేది నేను. ఎవరడిగినా నా పేరు చెప్పు."

పీటర్ కాసేపు తల గోక్కున్నాడు. "ఎండల ఈ కెమెరా ఎట్ల పనిజేస్తదో నాక్కూడ చూసుకోవాలె. కాని మీరు పక్కన నిలబడితేనే తీస్త."

ఇంటికొచ్చి మనోరమ డాబా మీద గుడ్డల పెట్టెలు మెట్లుగా పేర్చింది. ఇంట్లోని అద్దాలన్నీ పిట్టగోడకు ఆనించింది. సాంబ్రాణి పొగ వేసింది. గౌను తీసుకుని ప్రభావతి గదికి పోయింది.

"నీ దయ నాకొద్దు" అంది ప్రభావతి, గోడ వైపు తిరిగి.

"దయ కాదు. నేను చెడగొట్టింది నేనే బాగు జేస్తున్న. నాతోని మాట్లాడకు, సరే. కోపం అట్లనే ఉంచుకో. కానీ లే. మళ్ళ ఇసొంటి రోజు రాదు."

చాలాసేపటికి ప్రభావతి లేచి గౌను అందుకుంది. నోట్‌బుక్కు లేదు. నీలోఫర్ లేదు. ఇదివరకే టేప్‌రికార్డర్‌లోకి ఎక్కించుకున్న పాట మాత్రం ఉంది. పొగలో మెట్లు దిగుతున్నప్పుడు ఆ పిల్ల ముఖంలో నవ్వు లేదు, కోపం ఉంది. ఆ కోపంతోనే మూడో మెట్టు మీద తిరిగింది. నీలోఫర్ కన్నా బాగా తిరిగింది. మనోరమ కన్నా కూడా. పీటర్ వెనక నిలబడి చూస్తున్న మనోరమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి సంతోషంతో వచ్చినవని ఎవరైనా అంటే ఆమె ఒప్పుకునేది కాదు.

దాగే సంగతి కాదు. శుక్రవారం మధ్యాహ్నం మాణిక్ వచ్చీరాగానే ఇల్లంతా అదిరిపోయింది. పక్కింటివాళ్ళు చూశారు, బజారంతా చెప్పుకున్నారు.

"ఎవలు పిలిచిన్రు పీటర్‌ను?" చెల్లెలి మీదికి చేయెత్తాడు.

మనోరమ మధ్యలోకి వచ్చింది. "నేను పిలిచిన."

"నువ్వా?" నాగమ్మ నోరు నొక్కుకుంది. "మొన్న చెప్పి ఆపిచ్చింది నువ్వే గద! మతి గిట్ల పోయిందా?"

"అదీ నేనే, ఇదీ నేనే అత్తమ్మా. ఆ దినం మీరు నన్ను బిడ్డా అన్నరు. ఏం జేస్తే అన్నరో యాదికొస్తే నాకు అన్నం పోతలేదు."

మాణిక్ ఎత్తిన చేయి ఏం చేయాలో తెలియక దించాడు. "క్యాసెట్ యాడుంది? తే. పొయ్యిల పెడ్త."

"పీటర్ దగ్గరనే ఉంది. ఇయ్యొద్దని చెప్పిన." మనోరమ ఇద్దరి మధ్య నుంచి కదల్లేదు. "దాంట్ల ఇంకా మస్తు జాగ ఖాళీగ ఉంది. ఐతారం మళ్ళ రమ్మన్న. ఈసారి నాది తియ్యాలె."

అంతవరకూ గోడ వైపు ముఖం తిప్పుకుని ఉన్న ప్రభావతి, ఐదు రోజుల తర్వాత మొదటిసారి వదిన వైపు తిరిగి చూసింది. ఆ చూపులో క్షమించడం లేదు, కృతజ్ఞత లేదు. ఏముందో మనోరమ చప్పున గుర్తుపట్టింది. కుళ్ళు.