పద్నాలుగో రూలు

నాకు ముక్కు మీదే కోపం. గొప్పగా చెప్పుకోవడం లేదు, మా ఆఫీసు ఊడ్చే ఆవిడ దగ్గర్నుంచి ఇంజనీరుగారి దాకా అందరూ ఒప్పుకున్న సంగతే ఇది. ఇరవై రెండేళ్లుగా నీళ్ల ఆఫీసులో కొత్త కనెక్షన్ల సీట్లో కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. మా ఊరి నీళ్లు ఉన్న ఇళ్లకే బొటాబొటిగా సరిపోతాయి. ఏడాదికి పది ఇళ్లకు మించి కొత్త కనెక్షన్ ఇవ్వకూడదని రూలు. జాబితాలో మూడు వందల పైచిలుకు మంది ఉన్నారు. కాబట్టి నా ఉద్యోగమల్లా పొద్దున్నుంచి సాయంత్రం దాకా వచ్చినవాళ్లకు వచ్చినట్టు "లేదు" అని చెప్పడమే.

సైకిల్ షాపతను అలా వచ్చినవాళ్లలో ఒకడు. మొదటిసారి లేదన్నాను. తలూపి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. మళ్లీ లేదన్నాను. నాలుగోసారి వచ్చినప్పుడు వరస గుమ్మం దాకా ఉంది, నాకు తలనొప్పిగా ఉంది, ఇతనేమో అర్జీ పక్కన పెట్టి సొంత సంగతి మొదలుపెట్టాడు.

"మా అక్క కోసం మేడమ్," అన్నాడు.

అతనికి ఆరేళ్లప్పుడు తల్లి పోయిందట. అక్కకు అప్పుడు పదిహేను. అప్పట్నుంచి అమ్మా అక్కా రెండూ తనే. ఇద్దరూ రెండో అంతస్తులో ఒక అద్దె గదిలో ఉంటారు. నీళ్లకు వీధి కుళాయే దిక్కు. తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లి నిలబడకపోతే వంతు పోతుంది. నిండు బిందెతో ముప్పై రెండు మెట్లు ఎక్కాలి. ఇప్పుడామెకు మోకాళ్లు అరిగిపోయాయి. బరువు ఎత్తితే ఇక మంచం పట్టడమే అన్నాడట డాక్టరు.

"మరి నువ్వేం చేస్తున్నావయ్యా? నువ్వు మొయ్యలేవా?" అన్నాను.

"నేను లేచేసరికే తెచ్చేసి ఉంటుంది మేడమ్. బిందెలు దాచిపెట్టి చూశాను. పక్కింటివాళ్లవి అడిగి తీసుకుని మరీ వెళ్లింది. నువ్వు రోజంతా నడుం వంచి పనిచేస్తావు, పడుకోరా అంటుంది."

వరసలో ఎవరో నవ్వారు. నేను నవ్వలేదు. అతను ఊరి చివర తొమ్మిదేళ్లుగా కూడబెట్టుకుంటూ రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఒక ఏడు గోడలు, ఒక ఏడు కప్పు, ఒక ఏడు తలుపులు. మెట్లు లేని ఇల్లు. కుళాయి కనెక్షన్ లేకపోతే అందులో కాపురం ఉండటానికి అనుమతి రాదు. వచ్చినా అక్కణ్నుంచి వీధి కుళాయి కిలోమీటరు దూరం.

"పద్నాలుగో రూలు చదువుకో. అంతకుమించి నా చేతిలో ఏం లేదు," అని రూళ్ల పుస్తకం అతని ముందుకు విసిరినంత పని చేశాను.

అతన్ని వదిలించుకోవడానికే అన్నాను ఆ మాట. పద్నాలుగో రూలు ఎప్పుడో ఒక హోటలు యజమాని పోరు పడలేక అప్పటి ఇంజనీరు రాసింది. జాబితాతో పని లేకుండా కనెక్షన్ కావాలంటే, ఒక ఇంటికి రోజుకు ఇచ్చే మూడు వందల యాభై లీటర్లను అదే ట్యాంకు కిందున్న వేరే ఇళ్లలో ఆదా చేసి చూపించాలి. ఆరు నెలలు గడువు. దాటితే ఆ ఫైలు మూసేసినట్టే, జాబితాలో చివరికి పోవాల్సిందే. హోటలు యజమాని అది చదివి హోటలే మానుకున్నాడు. తర్వాత ఆ రూలు జోలికి ఎవరూ పోలేదు.

సైకిల్ షాపతను బల్ల మూల నిలబడి దాన్ని మొత్తం ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. "థాంక్స్ మేడమ్," అని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి నేను అతన్ని మర్చిపోయాను.

పది రోజుల తర్వాత ఒకావిడ వచ్చి, "మీరు పంపిన మనిషి మా కుళాయి భలే బాగుచేశాడండీ," అంది. మర్నాడు ఇంకొకాయన వచ్చి అదే అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నేనెవర్ని పంపాను? తీరా కనుక్కుంటే ఇతనే. పొద్దున్నే షాపు తెరవకముందు ఇంటింటికీ వెళ్లి, "నీళ్లాఫీసు మేడమ్ చెప్పారు, మీ కుళాయి కారుతోందా?" అని అడుగుతున్నాడు. కారుతుంటే కింద సీసా పెట్టి, గడియారం చూసి, ఎంత కారుతోందో నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. తర్వాత పాత సైకిలు ట్యూబు రబ్బరుతో కోసిన వాషరు వేస్తున్నాడు. కొందరు టీ ఇస్తున్నారు, కొందరు కుక్కను వదులుతున్నారు.

నా పేరు వాడుకున్నందుకు నాలుగు దులిపేద్దామని షాపుకు వెళ్లాను. అతను లేడు. ఒక పెద్దావిడ బోర్లించిన పెట్టె మీద కూర్చుని కత్తెరతో రబ్బరు బిళ్లలు కోస్తోంది. పక్కన డబ్బా నిండా అవే.

"నీళ్లాఫీసు అమ్మగారా మీరు? మా తమ్ముడు చెప్పాడు, మీరే దారి చూపించారని," అని లేవబోయింది. లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

"కూర్చోండి, కూర్చోండి. ఈ పని మీకెందుకు?"

"మోకాళ్లు పోయాయి గానీ చేతులకేమైందమ్మా?" అని ఒక వాషరు నా అరచేతిలో పెట్టింది. కంపెనీ వాషరు కన్నా గుండ్రంగా ఉంది. దులపడానికి వెళ్లినదాన్ని ఆ వాషరు కొంగున ముడేసుకుని వచ్చేశాను.

నాలుగున్నర నెలల్లో ముప్పై ఎనిమిది ఇళ్లు. నోటుబుక్కు లెక్కన రోజుకు ఐదు వందల డెబ్బై లీటర్లు. ఇరవై రెండేళ్లలో ఒక అర్జీ మీద నాకు ఆశ పుట్టడం అదే మొదలు. అది నాకు బొత్తిగా నచ్చలేదు. ఆశ పెట్టుకున్నవాళ్ల ముఖాలు ఎలా మాడిపోతాయో నా కిటికీలోంచి నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

ఇక మిగిలింది మా కొలత. ఫారంలో గడులున్నాయి: ఇంటి నంబరు, ముందటి మీటరు రీడింగు, తర్వాతి రీడింగు, తేడా. మా మీటరు రీడరు నెల రోజుల లెక్కలు తెచ్చి ఇచ్చాడు. కూడాను. మళ్లీ కూడాను. మూడోసారీ అదే వచ్చింది. ఆ ముప్పై ఎనిమిది ఇళ్లలో వాడకం తగ్గలేదు సరికదా, రోజుకు తొంభై లీటర్లు పెరిగింది.

సాయంత్రం అతను వచ్చాడు. చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరిస్తే నేనూ నాలుగు అరిచి ఫైలు మూసేద్దును. అతను ఆ కాగితం వంక చూసి, "ఎక్కడో నేనే తప్పు చేసుంటాను మేడమ్," అన్నాడు. ఆ మాటకు నాకు వచ్చినంత కోపం ఇంకెప్పుడూ రాలేదు. ఎవరి మీదో మాత్రం తెలియలేదు. గడువు ఇంకా తొమ్మిది రోజులుంది.

మర్నాడు సెలవు పెట్టాను. ఒంట్లో బాగున్న రోజున సెలవు పెట్టడం నాకే కొత్త. అతని నోటుబుక్కులో మొదటి ఇల్లు, రిటైరైన టీచరమ్మగారిది. వాడకం అందరికంటే ఎక్కువ పెరిగింది ఆవిడకే. ఆవిడ నన్ను చూడగానే అందుకుంది.

"మీ మనిషి వచ్చి బంగారం లాంటి కుళాయి పాడుచేసి పోయాడమ్మాయ్!"

"కారే కుళాయి బంగారమెలా అవుతుందండీ?"

"సన్నగా కారాలి. అందులోనే ఉంది కిటుకు. సన్నగా కారితే మీ పాత మీటరు కదలదు. ఈ డ్రమ్ము కింద పెడితే పూట తిరిగేసరికి నిండేది. ఇప్పుడు కుళాయి తిప్పి పట్టాలి, మీటరు గిర్రున తిరుగుతోంది."

నీళ్లాఫీసు మనిషితోనే ఇంత ధైర్యంగా చెబుతోంది. తిట్టాలో దణ్ణం పెట్టాలో తెలియలేదు.

"డ్రమ్ము నిండాక ఏం చేసేవారు?"

"ఏముంది, పొర్లి కాలవలోకి పోయేది."

"కట్టేసేవారు కాదా?"

"కడితే మళ్లీ అంత సన్నగా కుదరదమ్మాయ్. అందుకే దాన్ని ముట్టుకునేదాన్ని కాదు."

ఇంకో ఆరిళ్లు తిరిగాను. నాలుగిళ్లలో ఇదే కథ. అంటే కాలవలోకి పోయిన నీళ్లను మీటరు ఏనాడూ చూడలేదు. అవి ఇప్పుడు ఆగిపోయినా దానికి తెలియదు. అతను తప్పేమీ చేయలేదు. మేమే గుడ్డిదాన్ని సాక్ష్యం అడుగుతున్నాం.

ఆఫీసుకు వచ్చి పద్నాలుగో రూలు ఒక్కో అక్షరం చదివాను. "ఆదా అయిన నీటిని కొలిచి నిర్ధారించవలెను." అంతే ఉంది. మీటరు దగ్గరే కొలవాలని ఎక్కడా లేదు. ఆ గడులు ఫారం అచ్చు వేయించినవాళ్లు పెట్టినవి. రూలు వేరు, ఫారం వేరు. ఇన్నేళ్లూ నేను ఫారాన్నే రూలు అనుకుని జనం మీద కేకలు వేశాను. సిగ్గేసింది.

అక్కణ్నుంచి తిన్నగా ట్యాంకు దగ్గరికి వెళ్లాను. ఆ పేటకంతా ఒకటే చిన్న ట్యాంకు. దాని వాల్వు తిప్పే ఆయన పొద్దున నిండు ట్యాంకుతో మొదలుపెట్టి, సాయంత్రం నీటిమట్టం ఎంతకు దిగిందో పక్కనున్న స్కేలు చూసి పుస్తకంలో రాస్తాడు. ఆ పుస్తకం అడిగాను.

"ఈ స్కేలు పాడైందమ్మా," అన్నాడు ఇస్తూనే. "సాయంత్రం మామూలుగా ఆగే గీతకి అంగుళంన్నర పైనే ఆగిపోతోంది. రెండుసార్లు పైకెక్కి చూశాను. లోపల నీళ్లూ అంతే ఉన్నాయి."

"ఎప్పట్నుంచి?"

"నెలన్నర అవుతోంది."

"ఎవరికైనా చెప్పావా?"

"నీళ్లు తగ్గితే చెప్పమన్నారు గానీ, మిగిలితే చెప్పమని ఎవరన్నారమ్మా?"

ఇంజనీరుగారు నాకంటే పదేళ్లు చిన్న, అనుమానం మాత్రం పదింతలు ఎక్కువ. పోయినేడు ఇదే నెల పుస్తకం తెమ్మన్నారు, తెచ్చాను. వాన పడి వాడకం తగ్గిందేమో, పక్క పేట ట్యాంకు పుస్తకం కూడా తెమ్మన్నారు, తెచ్చాను. పక్క ట్యాంకులో పిసరంత మార్పు లేదు. కాగితం మీద లెక్క వేశారు. ఆ ట్యాంకులో అంగుళమంటే మూడు వందల ఇరవై లీటర్లు. అంగుళంన్నర అంటే నాలుగు వందల ఎనభై. ఆయన కలం కింద పెట్టి, "ఫారంలో దీనికి గడి లేదు మేడమ్," అన్నారు.

"గడి నేను గీస్తాను సార్. సంతకం మీరు పెట్టండి."

ఆయన నా ముఖం చూసి, ఇక లాభం లేదనుకున్నారు కాబోలు, నవ్వేసి సంతకం పెట్టారు. గడువుకు అప్పటికింకా నాలుగు రోజులుంది.

ఆ సంగతి చెప్పడానికి షాపుకు నేనే వెళ్లాను. దూరం నుంచే నన్ను చూసి అతను చేతిలో చక్రం పక్కన పెట్టి ఎదురొచ్చాడు.

"మీరేం బాధపడకండి మేడమ్, మీరు చెయ్యగలిగింది చేశారు..."

"నోరు ముయ్యవయ్యా! వచ్చింది కనెక్షన్!"

అతను నిజంగానే నోరు మూశాడు. వెనక పెట్టె మీద కూర్చున్న అక్క కత్తెర ఒళ్లో పెట్టుకుంది.

"పగలొస్తాయా అమ్మా, తెల్లారగట్ల వస్తాయా?" అని అడిగింది.

"వేళంటూ లేదమ్మా. మీరెప్పుడు తిప్పితే అప్పుడే."

"ఎప్పుడు తిప్పితే అప్పుడేనా?"

అవునన్నట్టు తలూపాను.

కొత్త కనెక్షన్ ఇచ్చిన నెలకు ఒకసారి వెళ్లి చూడాలి. అది రీడరు పని. నేను వెళ్లాను. ఏడున్నర అవుతోంది. సున్నం వేయని గోడలు, గుమ్మం పక్కనే కొత్త మీటరు. తలుపు దగ్గరగా వేసి ఉంది. అతను బనీనుతో బయట గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గబుక్కున నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"అక్క ఇంకా లేవలేదు మేడమ్," అన్నాడు రహస్యంగా.

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. నిద్రపోతోంది."

వంగి రీడింగు రాసుకున్నాను. అతను నా పక్కకు వచ్చి, మొదటి పది రోజులూ ఆమె నాలుగింటికే లేచి కుళాయి పక్కన బిందెతో కూర్చునేదని చెప్పాడు. ఎంత చెప్పినా వినేది కాదట. తర్వాత ఐదు. పోయినవారం ఆరు.

"షాపు తెరవవా మరి? వేళైంది కదా."

"చొక్కా లోపలుంది మేడమ్," అన్నాడు ఇబ్బందిగా. "తలుపు తీస్తే కిర్రుమంటుంది."

నాకు ఆఫీసు ఎనిమిదింటికి. ఇరవై రెండేళ్లలో ఒక్కరోజూ ఆలస్యంగా వెళ్లలేదు.

"ఉండనీవయ్యా," అన్నాను. గట్టు మీద దుమ్ము కొంగుతో దులుపుకుని నేనూ అతని పక్కన కూర్చున్నాను.